ఒళ్ళంతా కండ్లు జేసుకునుడు ఎట్ల? పాఠకుల ప్రశ్నలు, మాస్టర్ జవాబులు

ఈసారి మార్షల్ ఆర్ట్స్ మీద వచ్చిన ప్రశ్నలల్ల కిక్కులు, పంచులు, బెల్టుల గురించి తక్కువున్నయి. కండ్లు, చెవులు, కాళ్ళు ఎట్ల పనిచేస్తయి, వాటికి ట్రైనింగ్ ఇయ్యొచ్చా అని అడిగినోళ్ళే ఎక్కువ. నాకైతే మస్తు సంతోషమైంది, ఎందుకంటె మన దగ్గర చాన క్లాసులల్ల ఈ భాగాన్ని వదిలేసి డైరెక్టుగ కిక్కుల మీద పడుతున్నరు, అసలు పునాదే ఇది. అందుకే కొన్ని జవాబులు జర పొడుగ్గ రాస్తున్న, ఓపికతోని చదవుండ్రి.

మాస్టర్ గారూ నమస్తే. మా బాబుకు 12 ఏండ్లు, ఏడాది నుంచి కరాటేకు పోతున్నడు. ఇంట్ల నడుస్తుంటె దర్వాజకు భుజం కొట్టుకుంటడు, మెట్లు దిగుతుంటె కాలు తడబడుతది, చేతుల గ్లాసు నిలవదు. క్లాసుల ఎప్పుడు చూసినా కటాలే, అంటె ఒక వరుసల కట్టిపెట్టిన కదలికలే చేపిస్తున్నరు. దీంతోని ఏమన్న ఫాయిదా ఉందా, మాన్పించాల్నా? – ఒక తల్లి, మిర్యాలగూడ

మాన్పియ్యకుండ్రి అమ్మా. కాకపోతె క్లాసుల ఏం జరుగుతుందో ఒకరోజు పోయి కూసొని చూసి రాండ్రి.

ముందు బాబు సంగతి. కండ్లు మూసుకొని వేలితోని ముక్కు ముట్టుకోమంటె మనం ఠక్కున ముట్టుకుంటం, చెయ్యి యాడుందో ముక్కు యాడుందో ఎవలూ చెప్పకున్నా ఒంటికి ఎరుకే. ఎట్లంటె కండల లోపల స్పిండిల్స్ అని సన్నటివి ఉంటయి, కండ ఎంత సాగింది, ఎంత స్పీడుగ సాగింది అనేది అవి చెప్తయి. కండను ఎముకకు పట్టి ఉంచే టెండన్ల దగ్గర ఇంకో రకంవి ఉంటయి, ఎంత బలం పడుతుందో అవి చెప్తయి. కీళ్ళల్ల, చర్మంల ఉన్నవి మిగతా కబురు పంపుతయి, ఇవన్ని కలుపుకొని మెదడు మన ఒళ్ళు యాడ ఎట్లున్నదో ఎప్పటికప్పుడు లెక్క గట్టుకుంట ఉంటది. ఇంగ్లండు శాస్త్రవేత్త చార్లెస్ షెర్రింగ్టన్ 1906ల దీనికి ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టిండు. పేరు పెద్దగుంది గానీ సంగతి ఇంతే, ఒంటికి ఒంటి గురించి ఉండే ఎరుక.

12, 13 ఏండ్లకు పిల్లలు ఒక్కసారిగ పొడుగైతరు. చేతులు కాళ్ళు పెరిగినయి, మెదడు కాడ మాత్రం పాత కొలతలే ఉన్నయి. దర్వాజ యాడుందో తెలుసు గానీ తన భుజం యాడిదాంక వచ్చిందో ఇంకా పట్టుబడలె. చానామందికి ఈ తడబాటు కొన్నాళ్ళకు అదే పోతది. కానీ చిన్నప్పటి నుంచే ఇట్లున్నడు, బొత్తాలు పెట్టుకునుడు, సైకిల్ తొక్కుడు గూడ కష్టమైంది అంటె మాత్రం పిల్లల డాక్టరుకు చూపియ్యుండ్రి. స్కూల్ పిల్లలల్ల 100కి 5, 6 గురికి కదలికలు సరిగ్గ కుదరని సమస్య ఉంటదని డాక్టర్లు చెప్తరు, అది సోమరితనం కాదు, తిడితె పోయేది కాదు. పనిల పని కండ్ల పరీక్ష గూడ చేపియ్యుండ్రి.

ఇగ కటా. గిచిన్ ఫునకోషి అనే మాస్టర్ 1922ల ఒకినావా దీవి నుంచి జపాన్ పెద్ద దీవికి కరాటేను తీస్కపోయినప్పుడు గూడ నేర్పుడంతా కటాల చుట్టే ఉండేది. మీ బాబు చేసేది షోటోకాన్ స్టైల్ అయితె హెయాన్ షోదాన్ అని మొదటి కటాల 21 కదలికలు ఉంటయి, యాడ మొదలుపెట్టిండో తిరిగి ఆడికే రావాలె. అడుగు ఒకటి పొట్టిగ పడ్డా, తిరుగుడు జర ఎక్కువైనా చివరికి చోటు తప్పుతది. అంటె కటానే ఒక పరీక్ష, తప్పు చేస్తె మాస్టర్ చెప్పకున్నా నేల చెప్తది. ఇంట్ల ఒక పని చెయ్యుండ్రి. వాకిట్ల సున్నంతోనో చాక్‌పీసుతోనో గుర్తు పెట్టి, ముందు కండ్లు తెరిచి బాగ నిదానంగ కటా చెయ్యమనుండ్రి, తర్వాత కండ్లు మూసుకొని అదే చెయ్యమనుండ్రి. మీరు పక్కనే నిలబడాలె, గోడలు మెట్లు దగ్గర్ల ఉండొద్దు. కండ్లు తెరిచినంక గుర్తుకు ఎంత దూరంల ఉన్నడో వాడే చూసుకుంటడు, వాడికి అది ఆటలెక్క అయితది, రోజూ వాడే అడుగుతడు. ఇంకోటి, ఉన్నచోటనే కండ్లు మూసుకొని 50 అడుగులు కదం తొక్కమనుండ్రి. కదలలేదనే అనుకుంటడు, చూస్తె ముందుకు జరిగి పక్కకు తిరిగి ఉంటడు. ఇది పెద్దోళ్ళకు గూడ అయితది, మీరు గూడ చేసి చూడుండ్రి. ఒంటికాలు మీద నిలబడుడు గూడ ముందు కండ్లు తెరిచి, తర్వాత మూసి. కండ్లు మూయంగనే ఒళ్ళు ఊగుతది, ఎందుకంటె బ్యాలెన్స్‌కు ఆధారాలు మూడు, కండ్లు, లోపలి చెవి, ఈ కండల కబురు. ఒకటి తీసేస్తె మిగతా రెండు గట్టిగ పనిచెయ్యాల్సి వస్తది, మనకు కావాల్సింది గదే.

క్లాసుల చూడాల్సింది ఏందంటె, మాస్టర్ కౌంటు ఇస్తుంటె పిల్లలంతా ఉరుకులాటగ ముగిస్తున్నరా, లేకుంటె మధ్యల ఆపి "నీ వెనక కాలు యాడుంది, మడిమ లేసిందా, బరువు ఏ కాలు మీదుంది" అని అడుగుతున్నడా. అట్ల అడిగే మాస్టర్ దొరికితె ఆయన కాళ్ళు మొక్కి పంపుండ్రి. అడగకుండ కేకలు పెట్టుడే ఉంటె వేరే క్లాసు చూసుకోవచ్చు, కరాటే మాత్రం మాన్పియ్యొద్దు.

అన్నా, నేను కబడ్డీల లెఫ్ట్ కార్నర్ ఆడుత. రైడర్ ఎటు పోతడో నాకు తెలిసేసరికి వాడు గీత దాటి పోతున్నడు. రియాక్షన్ టైమ్ పెంచుకునేతందుకు మార్షల్ ఆర్ట్స్‌ల ఏమన్న ఉందా? ఫోన్‌ల రియాక్షన్ యాప్ గూడ పెట్టుకున్న. – డిగ్రీ స్టూడెంట్, కల్వకుర్తి

తమ్మీ, ముందు యాప్ సంగతి చెప్తా, దాంతోని స్క్రీన్ మీద వేలు కొట్టుడు జర ఫాస్ట్ అయితది, కార్నర్‌ల నీ కాలుకు దాంతోని ఒరిగేది తక్కువ.

కంటితోని చూసి కదలనీకె మనిషికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతది, అంటె సెకనుల ఐదో వంతు. చెవితోని వింటె ఇంకా జర తక్కువ, 150 దగ్గర. పరుగు పందెంల గన్ను పేలినంక 100 మిల్లీసెకన్ల లోపల కదిలితె ఫాల్స్ స్టార్ట్ కింద లెక్క, అంతకంటె ముందు విని కదలలేవు, ముందే ఊహించినవని అర్థం. ఎంత ప్రాక్టీసు చేసినా ఈ నంబర్ పెద్దగ కిందికి రాదు. మరి మంచి కార్నర్‌లు ఎట్ల పడుతున్నరు అంటె, వాళ్ళు తొందరగ కదులుతలేరు, ముందుగ చదువుతున్నరు. రైడర్ కాలు విసిరేముందే నడుము తిరుగుతది, బరువు ఒక కాలు మీదికి పోతది, భుజం జర దిగుతది. ఆ కబురు నీకు అందితె నీ సెకనుల ఐదో వంతు అప్పుడే మొదలైతది, వాని కాలు వచ్చేసరికి నువ్వు రెడీగ ఉంటవు.

అది అందాలంటె చూపు యాడ పెట్టాలె అనేది ముఖ్యం. నువ్వు వాని చేతిని చూస్తున్నవు అనుకుంట, కొత్తోళ్ళంతా గదే చేస్తరు. కంటిల బాగ స్పష్టంగ కనపడే జాగ శానా చిన్నది, చెయ్యి చాపి పట్టుకుంటె బొటనవేలి గోరు ఎంత కనపడుతదో సుమారు అంత. దాని అవతల అంతా మసకే, కానీ కదలిక పసిగట్టుడుల ఆ అంచు చూపే హుషారు. కంటి వెనక తెరల రాడ్లు అనే కణాలు కోట్లల్ల ఉంటయి, నట్టనడుమ మాత్రం ఉండయి, చుట్టూ అంచులల్లనే ఉంటయి. నమ్మకం లేకుంటె రాత్రి మీ ఊర్ల లైట్లు తక్కువున్న దిక్కు డాబా ఎక్కి, చీకట్ల అరగంట కూసొని సన్నటి చుక్కను సూటిగ చూడు, మాయమైతది. జర పక్కకు చూడు, మళ్ళ వస్తది.

జపాన్ల కెండో అనే కత్తి ఆట ఆడేటోళ్ళు దూరంల ఉన్న కొండను చూసినట్టు ఎదుటోన్ని చూడాలె అని నేర్పుతరు. కొండను చూస్తె ఒక్క రాయి మీద చూపు ఆగదు కదా, మొత్తం కనపడుతది. కరాటేల గూడ ఆరితేరినోళ్ళ చూపు ఎక్కువసేపు తల, ఛాతీ దగ్గర నిలుస్తది, చేతులు కాళ్ళు అంచు చూపుల పడుతయి. నువ్వు రైడర్ ఛాతీ నుంచి నడుము దాంక ఉన్న జాగల చూపు వదిలెయ్యి, గుచ్చి చూడకు. మొదట్ల ఏమీ కనపడనట్టే అనిపిస్తది, వారం పది రోజులు ఓపిక పట్టు. టీమ్‌ల ఒకన్ని రైడర్‌గ నిలబెట్టి, వాడు కదిలే ముందు ఎటు పోతడో నోటితోని "ఎడమ, కుడి" అని చెప్పు, పట్టుకోకు. చెప్పుడు కరెక్టయినంక పట్టుడు దానంతట అదే వస్తది.

ఇంకోటి స్పర్శ, కబడ్డీల దీని విలువ చానామందికి తెల్వదు. చైన్ పట్టుకొని నిలబడ్డప్పుడు నీ చేతుల ఉన్న మీవోని చెయ్యి నీకు అన్ని చెప్తది, వాడు ముందుకు పోతున్నడా, వెనకకు ఒరుగుతున్నడా, ఆగిండా. చైనా తాయ్ చిల పుష్ హ్యాండ్స్ అని ఉంటది, వింగ్ చున్ అనే ఇంకో చైనా విద్యల చి సావ్ అంటరు, ఇద్దరు ముంజేతులు ఆనించుకొని నిదానంగ తిప్పుకుంట ఎదుటోని బలం ఎటు వస్తుందో చర్మంతోని పట్టుకుంటరు. బలం పెట్టినోడు ఓడుతడు, ఎందుకంటె కండ బిగిస్తె కబురు మొద్దుబారుతది. మీ చైన్ పార్ట్‌నర్‌తోని కండ్లు మూసుకొని ఇది ప్రాక్టీస్ చెయ్యుండ్రి, చెయ్యి పట్టుకొని వాడు ఎటు అడుగేస్తె నువ్వు అటు, మాట లేకుంట. పట్టు గట్టిగ కాదు, వదులుగ. కేరళ కళరిపయట్టుల ఒళ్ళే కన్ను కావాలె అని ఒక మాట ఉంది, ఏండ్లు ఏండ్లు ఒంటి కసరత్తు చేపించి, నూనె పెట్టి మర్దన చేసి గానీ చేతికి ఆయుధం ఇయ్యరు. అంత తొందరపాటు లేని పద్ధతి అది, నాకైతే చాన గౌరవం.

సార్, మా పాపకు 8 ఏండ్లు. మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ అని ఒక కోర్సు చెప్తున్నరు, కండ్లకు గంతలు కట్టుకొని పిల్లలు రంగులు చెప్తున్నరు, పుస్తకం చదువుతున్నరు, ఫీజు మాత్రం బాగ ఉంది. మార్షల్ ఆర్ట్స్‌ల గూడ గంతలు కడుతరు గద, రెండు ఒకటేనా? – ఒక తండ్రి, జడ్చర్ల

ఒకటి కాదు. ఆ పైసలు కట్టకుండ్రి.

చూపు అంటె వెలుతురు కంటి వెనక తెర మీద పడుడు, అది పడకుంట అక్షరం కనపడదు, ఇంత సూటిగ చెప్పొచ్చు. ముక్కుకు రెండు దిక్కుల గంతకు సందు ఉంటది, కిందికి చూస్తె కనపడుతది, పిల్లలు తల ఎత్తి, పుస్తకాన్ని ముక్కు కిందికి తెచ్చుకొని చదివేది అందుకే. మీరే పరీక్ష పెట్టుండ్రి. ఈత కొట్టే గాగుల్స్‌కు లోపల నల్ల టేపు అంటించి పెట్టుండ్రి, లేదంటె పుస్తకం తల వెనక పట్టుకొని చదవమనుండ్రి. ఇగ మిడ్ బ్రెయిన్ అంటరా, అది మెదడు నడుమ ఉండే ఒక భాగం, మీ పాపకు పుట్టుకతోనే పనిచేస్తుంది, కంటి గుడ్లు తిరుగుడు, చప్పుడైన దిక్కుకు తల తిప్పుడు, వీటిల దాని పని ఉంటది. కొత్తగ ఎవలో వచ్చి ఆన్ చేసేది ఏమీ లేదు.

నాకు బాధ అనిపించేది పైసల కంటె ఇంకోదానికి. 8 ఏండ్ల పిల్ల సందుల నుంచి కనపడుతుందని చెప్తె పెద్దోళ్ళకు కోపం వస్తదని భయపడి అబద్ధం ఆడుడు నేర్చుకుంటది. పాపను ఏమీ అనకుండ్రి, తప్పు పాపది కాదు.

మా క్లాసులల్ల గంతలు కట్టేది వేరే పనికి. కండ్లు పక్కకు జరిగితె అరికాలు, చెవి, చెయ్యి మాట్లాడుడు మొదలువెడుతయి, అంతే. గంతలు కట్టినంక కనపడుతదని ఏ మంచి మాస్టరూ చెప్పడు. చెవి గూడ మారదు, చెవి వినేదాన్ని పట్టించుకునుడు మారుతది. రోజూ వింటున్న చప్పుళ్ళే, అప్పటిదాంక లెక్కచెయ్యలె. గంతలు కట్టుకొని రోడ్డు మీద బండి నడిపే వీడియోలు గూడ తిరుగుతున్నయి, పిల్లలకు అవి చూపియ్యకుండ్రి.

మా ఊర్ల కరాటే లేదు, జూడో లేదు. టౌనుకు పోవాలంటె బస్సుకే రెండు గంటలు. మాలాంటోళ్ళం ఏం చెయ్యాలె? – అచ్చంపేట దిక్కు నుంచి ఒక చెల్లె

చెల్లే, మీ ఊర్ల కోలాటం ఉందా? ఉంటె అందుల చేరు. రెండు కోలలు పట్టుకొని గుండ్రంగ తిరుగుకుంట ఎదురొచ్చే మనిషి కోలను చూడకుంటనే కొట్టాలె, పాట తాళం చెవిల, అడుగు కాలుల, కోల చేతిల, వెనక వచ్చేటోళ్ళ దూరం వీపుకు తెలుస్తుండాలె. కర్రసాముల మొదటి పాఠం గూడ ఇంతకంటె వేరుండదు. ఊర్ల కర్రసాము తెలిసిన ముసలాయన ఎవలన్న ఉంటె పోయి అడుగు, నేర్పుతా అంటె వదలకు, వాళ్ళు పోతె ఆ విద్య గూడ పోతది. ఖోఖో అయితె ఇంకా మంచిది, వెనక నుంచి "ఖో" అని వీపు తట్టంగనే లేచి ఉరుకుడు, చెవికీ చర్మానికీ ఒకేసారి పని.

తాటిచెట్టు ఎక్కే గౌడన్నలను ఎప్పుడన్న నిదానంగ చూసినవా? మోకు బిగించుకొని పైకి పోతుంటె చూపు కాళ్ళ మీద ఉండదు, అరికాలే చెట్టు గరుకును చదువుకుంట పోతది. మనం చెప్పులు వేసుకొని సిమెంటు మీద నడిచి నడిచి అరికాలును మొద్దుబారిపిచ్చుకున్నం. గాజుపెంకులు, ముండ్లు లేని జాగ చూసుకొని పొద్దున పావుగంట ఒట్టి కాళ్ళతోని నిదానంగ నడువు, మడిమ ఎప్పుడు ఆనింది, వేళ్ళు ఎప్పుడు ఆనినయి అనేది గమనించుకుంట. ఫోను ఇంట్ల పెట్టి పో.

నాకు 66 ఏండ్లు, మునుగోడు పక్కన మా ఊరు. మా దిక్కు పాత నీళ్ళ సంగతి మీకు తెలిసిందే, నడుము మెడ బిగుసుకపోయినయి. ఈ మధ్య బాత్రూంల పడబోయి ఆగిన. మనవడు తాయ్ చి అని ఫోన్‌ల చూపెట్టిండు. ఈ వయసుల ఇవి పనికొస్తయా?

పనికొస్తయి పెద్దాయనా, కాకపోతె మీ విషయంల జాగ్రత్త ఎక్కువ కావాలె.

పెద్దోళ్ళు పడకుంట ఉండేతందుకు ఏ వ్యాయామం పనిచేస్తది అని ప్రపంచమంతా జరిగిన పరిశోధనలను వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2019ల కలిపి చూసింది. బ్యాలెన్స్ వ్యాయామాలతోని పడుడు 24 శాతం దాంక, తాయ్ చితోని 19 శాతం దాంక తగ్గుతదని లెక్క తేలింది. తాయ్ చి యుద్ధవిద్యనే, కానీ బరువును ఒక కాలు నుంచి ఇంకో కాలుకు నీళ్ళు వంచినట్టు నిదానంగ మార్చుడే అందుల అసలు పని. ముసలితనంల పడేది గూడ సరిగ్గ ఆ మార్చే కాడనే.

మీ దిక్కు పాత నీళ్ళల్ల ఉన్న ఫ్లోరైడ్ ఒంట్ల ఎక్కువైనోళ్ళకు ఎముకలను ఒకదానికొకటి కట్టి ఉంచే లిగమెంట్లు గట్టిపడి వెన్ను బిగుసుకపోతది, కొందరికి వెన్నుపాము మీద గూడ ఒత్తిడి పడుతది. కాళ్ళల్ల తిమ్మిరి, బలహీనత, మూత్రం మీద పట్టు తప్పుడు ఏదున్నా వ్యాయామం పక్కన పెట్టి ముందు ఎముకల డాక్టరుకో నరాల డాక్టరుకో చూపిచ్చుకోండ్రి. షుగర్ ఉంటె అరికాలు స్పర్శ తగ్గుతది, అది గూడ చెప్పుండ్రి. మెడ తిప్పుడు, ముందుకు వంగుడు, దొర్లుడు మీకు వద్దు, మనవడు చూపెట్టినా వద్దు.

డాక్టర్ సరే అన్నంక గోడ పక్కన నిలబడి, రెండు వేళ్ళు గోడకు ఆనించి, బరువు కుడి కాలు మీదికి, మళ్ళ ఎడమ కాలు మీదికి, ఊపిరి పీల్చి వదిలినంతసేపు పట్టాలె ఒక్కోటి. తర్వాత కుర్చీల నుంచి చెయ్యి ఆనకుంట లేచి కూసునుడు, అది వశం కాకుంటె ఒక చెయ్యి ఆనించుండ్రి, ఫరక్ లేదు. కండ్లు మూసుకునేవి ఏవీ చెయ్యకుండ్రి, ఒక్కరే ఉన్నప్పుడు అసలే వద్దు. బాత్రూంల గోడకు పట్టుకునే రాడ్డు, రాత్రి ఒక చిన్న లైటు పెట్టిమ్మని మనవడికి చెప్పుండ్రి, ఫోన్ చూపిచ్చేటోడు ఈ పని గూడ చేస్తడు.

మా తమ్మునికి పుట్టుకతోనే చూపు లేదు, ఇప్పుడు 19 ఏండ్లు. జూడో నేర్చుకుంటా అని పట్టుబట్టిండు, అమ్మ నాయిన భయపడుతున్నరు. చూపు లేకుంట కుదురుతదా అన్నా? – నకిరేకల్

బాగ కుదురుతది, వాణ్ణి ఆపకుండ్రి. 1882ల జిగోరో కానో మొదలువెట్టిన జూడో అంతా పట్టు మీద నడిచే విద్య. బట్ట పట్టుకున్న రెండు చేతుల నుంచే ఎదుటోని బరువు, ఊపు, ఉద్దేశం అన్ని అందుతయి. చూపున్న జూడో వాళ్ళు గూడ నేర్చుకునేది ఆ చేతులతోనే. చూపు లేనోళ్ళ జూడో 1988 సియోల్ నుంచి పారాలింపిక్స్‌ల ఉంది, ఆడోళ్ళకు 2004 ఏథెన్స్ నుంచి. రూల్‌ల మార్పు ముఖ్యంగ ఒకటి, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నంకనే ఆట మొదలైతది. 2024 పారిస్‌ల మధ్యప్రదేశ్ పిల్లగాడు కపిల్ పర్మార్ 60 కిలోల విభాగంల కాంస్యం తెచ్చిండు, బ్రెజిల్ ఆటగాని మీద 10-0 తోని, పారాలింపిక్స్ జూడోల మన దేశానికి అదే మొదటి పతకం. చిన్నప్పుడు పొలం కాడ నీళ్ళ మోటరు ముట్టి కరెంటు షాకు కొట్టి చూపు దెబ్బతిన్న పిల్లగాడు అతను. అమ్మ నాయినకు ఆ ముచ్చట చెప్పు, ఫోన్‌ల వీడియో ఉంటె పెట్టి వినిపియ్యి, చూపియ్యి.

భయం న్యాయమే, అందుకే కోచ్‌ను చూసి పెట్టాలె. చేర్పించే ముందే పోయి మాట్లాడు. చేసి చూపిస్తె మీ తమ్మునికి కనపడదు కాబట్టి ప్రతి కదలికను నోటితోని చెప్పి, తన ఒంటి మీద చెయ్యి పెట్టించి నేర్పాలె, దానికి ఓపిక ఉందా అని సూటిగ అడుగు. మ్యాట్ అంచు ఎక్కడ అయిపోతదో కాలుకు తెలిసేటట్టు గరుకు పట్టీ అంటించమను. చుట్టూ ఒట్టి నేల, స్తంభాలు ఉన్న జాగల వద్దు. మొదట్ల త్రోలు, అంటె ఎదుటోన్ని ఎత్తి పడేసుడు, ఎవలు చేపిస్తా అన్నా ఒప్పుకోకు. పడుడు నేర్పాలె, వెనకకు, పక్కకు, గడ్డం ఛాతీకి ఆనించి, చెయ్యితోని మ్యాట్‌ను చరుచుకుంట. కూసొని మొదలువెట్టి, గొంతుక్కూసొని, అటెన్క నిలబడి. ఎటు పడ్డా తల నేలకు తగలకుంట పడుడు వానికి అలవాటయిన దాంక త్రోల మాట ఎత్తొద్దని కోచ్‌కు ముందే చెప్పి ఒప్పిచ్చుకో.